సిరాయుఁ గాగితమును: మేడ్చలు, శామీరుపేట ప్రాంతముల లేఖ్యములు దృష్టాంతముగా నొక విచారము

ఒక వ్రాఁత నిలుచునా నిలువదా యను ప్రశ్నము పుట్టినప్పుడు మనము సాధారణముగా సిరాను గూర్చియే విచారింతుము. ఈ సిరా మంచిది, ఆ సిరా చెడ్డది యందుము. కాగితమును గూర్చి యడుగువా రరుదు. వైయాకరణుల మతమునఁ గేవలప్రకృతి గాని కేవలప్రత్యయము గాని ప్రయోగమున కర్హము గాదు. రెండును గూడినప్పుడే పద మగును. పద మైనప్పుడే యర్థము తెలియును. వ్రాఁత విషయమునను నిట్లే. సిరా యొక్కటియే వ్రాఁత గాదు. కాగిత మొక్కటియే వ్రాఁత గాదు. ఈ రెండింటి సంబంధమువలన నక్షరము పుట్టుచున్నది. ఆ సంబంధమును బట్టియే యది నూఱేండ్లు నిలుచుటయో, యొక్క వానకుఁ గొట్టుకొనిపోవుటయో సంభవించుచున్నది.

ఇది కేవలము లేఖనప్రియుల వినోదమునకై చేయు విచారము గాదు. హైదరాబాదునకు నుత్తరమున నున్న మేడ్చలు, శామీరుపేట ప్రాంతములఁ జూడుఁడు. నిన్నమొన్నటిదాఁక నెకరములలోఁ గొలువఁబడిన యిచ్చటి జొన్నచేలు నేఁడు గజములలోఁ గొలువఁబడుచున్నవి. పాత పహాణీలోని యొక్క పంక్తి, యొక్క పేరు, యొక్క యంకె చదువ నగుటయు నగకపోవుటయు నొక కుటుంబముయొక్క బ్రదుకుఁ దెరువును నిర్ణయింపఁ గలదు. ఆ పంక్తి యే సిరాతో, నే కాగితముపై వ్రాయఁబడిన దను ప్రశ్న మందుచేత శాస్త్రప్రశ్నమే కాక వ్యవహారప్రశ్నమును నగుచున్నది.

౧. మసి, కడితము, సిరా

పదములను బరీక్షించినచో వస్తువుల చరిత్ర కొంత తెలియును. సంస్కృతమున మషీశబ్దమునకు మసీ యని రూపాంతరము గలదు. తెలుఁగున మసి యనఁగా దీపపుఁబొగవలనఁ బేరుకొను నల్లని పొడి. వ్రాయుట కుపయోగించు ద్రవమునకును నా పేరే చెల్లుటనుబట్టి మన పూర్వుల సిరాకు మసియే మూలద్రవ్య మని స్పష్ట మగుచున్నది. సిరాకుఁ బారసీకమున సియాహీ యని పేరు. దానికి నలు పని యర్థము. కాగితపదము కాగజ్ అను పారసీకపదముయొక్క తెలుఁగురూపము. వస్తువు వచ్చినప్పుడు దానితోఁ బేరును వచ్చిన దన్నమాట.

గంటము, ఆకు, కమ్మ యను మాటలు తాళపత్రములకు సంబంధించినవి. ఆ పద్ధతిలో వ్రాఁతకు సిరా ప్రధానము గాదు. గంటముతో నాకుపై నక్షరమును గీసి, పిదప మసినో యాకుపసరునో పూయుదురు. ఆ పూఁత కంటికిఁ దెలియుటకొఱకే. అది పోయినను నక్షరము పోదు. మఱల మసి పూసినచోఁ గనఁబడును. తాళపత్రమునకుఁ బురుగులవలనను నిప్పువలనను భయము గలదు గాని, సిరా వెలిసిపోవు నను భయము లేదు. గీసిన యక్షరమును మాపి మఱియొక యక్షరము గీయుటయు దుష్కరము.

దీనికి విరుద్ధ మైనది కడితము. చింతగింజల యంబలియు బొగ్గుపొడియుఁ గలిపి గుడ్డకుఁ బట్టించి, నల్లగాఁ జేసి, మడతలుగా మడచి, దానిపై బలపముతో లెక్కలు వ్రాయుచుండిరి. కరణములును వర్తకులును దీని నుపయోగించిరి. తుడిచి మఱల వ్రాయుటకు వీలగుటయే దీని గుణము. లేఖ్యప్రమాణదృష్టితోఁ జూచినచో నా గుణమే దోషమును.

కాగితముపై వ్రాయుటకు దీపపుమసిని దుమ్మబంకనీటఁ జిరకాలము నూఱి చేసిన సిరా మన దేశమున బహుకాలము చెల్లెను. ఈ మసి రసాయనశాస్త్రదృష్టిచేఁ గేవలము కర్బనము. వెలుతురునకు వెలవెలఁబోదు, గాలికి మాఱదు, కాగితమును దినదు. హైదరాబాదులోఁ దార్నాకయందున్న రాష్ట్రాభిలేఖాగారమున షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను కార్యాలయపత్రములు లక్షకు మించి యున్నవి. మూఁడువందల యేండ్లు గడచినను వానిని జదివి చరిత్రకారులు చరిత్ర వ్రాయఁ గలుగుచున్నారు. శాసనముల ప్రతులు తీయువారు నేఁటికిని దడికాగితమును రాతిపైఁ బఱచి, కుంచెతోఁ గొట్టి, మసితోఁ జేసిన సిరానే యద్దుదురు. 1935లో లక్ష్మణరాయ పరిశోధకమండలివారు ప్రకటించిన తెలంగాణా శాసనముల వంటి గ్రంథములకు మూలము లిట్టి ప్రతులే. ఈ పత్రికను జదువువారి కందుచేత మసియొక్క స్థిరత్వమును గూర్చి విశేషముగాఁ జెప్ప నక్కఱలేదు.

అయినను మసిసిరాకు నొక లోపము గలదు. అది కాగితముపైఁ గూర్చుండునే కాని లోపలికిఁ జాలఁ జొరదు. దానిని బట్టియుంచునది బంక. బంక నీటఁ గరఁగును. మెఱుఁగుపెట్టిన కాగితముపై వ్రాసిన మసియక్షరమును దడిగుడ్డతో నొత్తి తుడిచినచో లేచివచ్చును. కాలమున కోర్చు నీ సిరా కూటలేఖకుని చేతి కోర్వదు.

ఈ లోపము లేనిది మాచికాయసిరా. మాచికాయలనో కరక్కాయలనో నానఁబెట్టి తీసిన కషాయమున నన్నభేదిని గలిపి, తుమ్మబంక చేర్చినచో నిది సిద్ధ మగును. కషాయమునందలి వగరుపదార్థమును, అన్నభేదియందలి యినుమును గూడి, గాలి తగిలినకొలఁది నల్లఁబడును. వ్రాయునప్పుడు పలుచగా నుండి కాగితపుఁబీచులలోనికి దిగి, యచ్చటనే నల్లఁబడుటచేత దీనిని దుడిచివేయుట సాధ్యము గాదు, చాకుతో గోఁకవలసినదే. గోఁకినచోటు వెలుతురున కడ్డముగాఁ బట్టినఁ దెలియును. ఐరోపాఖండమునఁ బెక్కు శతాబ్దములు రాజపత్రములును న్యాయపత్రములును దీనితో వ్రాయఁబడుటకుఁ గారణ మిదియే. కాని యిం దామ్లగుణము గలదు. పాకము తప్పినచోఁ గొంతకాలమునకుఁ గాగితమును దిని, యక్షరము లున్నచోట రంధ్రములను మిగుల్చును. మనుష్యునినుండి వ్రాఁతను గాపాడు సిరాయే కాలక్రమమునఁ గాగితమునకు శత్రు వగుచున్నది.

మూఁడవది రంగుసిరా. 1856లో నాంగ్లరసాయనజ్ఞుఁడు పెర్కిను తారునుండి వచ్చు పదార్థముతోఁ బ్రయోగములు చేయుచు నూదారంగును గనిపెట్టెను. తరువాత నట్టి కృత్రిమపు రంగులు పెక్కులు పుట్టినవి. ఇవి నీటఁ బూర్తిగాఁ గరఁగును; చూపునకు నందముగా నుండును; కలమును జెడఁగొట్టవు. కాని యే నీటఁ గరఁగి వచ్చినవో యా నీటనే మఱలఁ గరఁగిపోవును.

౨. కలము మాఱఁగా సిరా మాఱుట

పై మూఁటిలో మొదటిది యేల వెనుకఁబడినదో తెలియవలె నన్నచో ఫౌంటెనుపెన్ను నిర్మాణమును జూడవలయును. 1884లో నమెరికాలో వాటర్మన్ పేటెంటు పొందిన కలమున సిరా పాళీకి దిగుటకు సన్నని కాలువ లేర్పఱుపఁబడినవి. సిరా దిగినకొలఁది గాలి లోనికిఁ బోవుటకును మార్గము గలదు. తరువాతి కలము లన్నియు నించుమించుగా నీ సూత్రమునే యవలంబించినవి. అంత సన్నని మార్గమున మసిరేణువులు పేరుకొని బంకతోఁ గట్టిపడినచోఁ గలము నిలిచిపోవును. రెల్లుకలమున కీ బాధ లేదు. నీటఁ గడిగినఁ జాలును.

కావునఁ గలము మాఱఁగానే సిరాయు మాఱవలసివచ్చెను. కాలమున కోర్చు మసి పోయి, కలమున కోర్చు రంగు వచ్చెను. సిరాను గాగితమునుబట్టి కాక కలమునుబట్టి యెంచుకొనుట యప్పటినుండి వాడుక యయ్యెను. లేఖనచరిత్రలో నిది చిన్న మార్పుగాఁ గనఁబడును గాని, ఫలమునుబట్టి చూచినచోఁ జాల పెద్దది.

తెలుఁగునాట నీ మార్పు స్వదేశోద్యమముతో ముడివడి యున్నది. రాజమహేంద్రవరమున స్వర్ణకారవృత్తి యందుఁ బరిశ్రమ గల కోసూరి వేంకటరత్నముగారు 1932లో రత్నం కలముల నిర్మాణము నారంభించిరి. వారు పంపిన కలము నందుకొని గాంధీమహాత్ముఁడు 1935 జూలై 16వ తేదీని వారికి లేఖ వ్రాసెను. ఆ రాజమహేంద్రవరముననే 1924లోఁ బుట్టిన కాగితపుమిల్లు పిదప నాంధ్రపేపరుమిల్లు పేరఁ బ్రసిద్ధి కెక్కెను. అనఁగా నొక్క యూరఁ గలమును గాగితమును రెండును దయారయ్యెను. వంగదేశమునందలి రాజశాహిలో 1934లో సులేఖ సిరా వెలసెను. ఆ యేఁటనే స్థాపిత మైన యఖిలభారత గ్రామపరిశ్రమలసంఘము చేతికాగితమును బ్రోత్సహించెను. హైదరాబాదులో నాబిడ్సునందలి దక్కన్ పెన్ స్టోర్సు 1928లో స్థాపిత మైనది. కలము, సిరా, కాగితము నను మూఁటి విషయమునను స్వదేశభావము ప్రబలిన కాల మది.

స్వర్ణకారుఁడు కలము చేయుటలో నొక యౌచిత్యము గలదు. మాచికాయసిరాయందలి యామ్లమున కుక్కుపాళీ తుప్పుపట్టును. బంగారుపాళీకి హాని లేదు. స్థిర మగు సిరాను వాడఁగోరువారికిఁ బాళీ యే లోహముతోఁ జేయఁబడిన దనుటయు విచారణీయమే. భారతీయప్రమాణములలో ఫౌంటెనుపెన్ను సిరాలకు రెండు వేఱువేఱు ప్రమాణము లుండుటయు గమనింపఁ దగినది. ఐఎస్ 220 అనునది నూటికి 0.1 పాలు ఇనుము గల మాచికాయసిరాకు సంబంధించినది. ఐఎస్ 1221 అనునది రంగుసిరాలకు సంబంధించినది. వేయి పాళ్ల సిరాలో నొక్కపాలు ఇనుము. ఆ యొక్కపాలే నీటి కోర్చు వ్రాఁతకును నోర్వని వ్రాఁతకును గల భేదమునకు మూలము.

౩. కాగితముయొక్క స్వభావము

కాగిత మనఁగాఁ బీచుల యల్లిక. పీచుల నడుమ నుండు సందులు నీటిని బీల్చును. ఏ పూఁతయు లేని కాగితము సిరాను నలుదిక్కులకుఁ బ్రాఁకించును; అద్దుడుకాగిత మట్టిదే. వ్రాయుటకుఁ దగినట్లు చేయుటకుఁ బూర్వులు కాగితమునకు గంజి పట్టించి, యారినపిమ్మట నునుపురాతితో రుద్ది మెఱుఁగుపెట్టుచుండిరి. దౌలతాబాదునకు సమీపమునందలి కాగజీపురమును, తెలంగాణమునఁ గోరుట్లయు దేశవాళీకాగితమునకుఁ బేరు పొందినవి. గంజిచేత సిరా పైన నిలుచును. మెఱుఁగుచేతఁ గలము జాఱుచుఁ బోవును. మసిసిరాయు రెల్లుకలమును మెఱుఁగుకాగితమును నొకదాని కొకటి తగినట్లుగాఁ బెరిగినవి.

యంత్రకాగితము వచ్చినపిమ్మట గంజికి బదులుగా రోజనమును బటికయు వాడఁబడినవి. 1807లో జర్మనుదేశీయుఁ డగు ఇల్లిగు ఈ పద్ధతిని బ్రకటించెను. దీనివలనఁ గాగితము చౌక యయ్యెను. సిరా ప్రాఁకకయు నుండెను. కాని పటికవలనఁ గాగితమున నామ్లము చేరి, యేండ్లు గడచినకొలఁది పసుపువన్నె పొంది పెళుసై విఱిగిపోవుచున్నది. పందొమ్మిదవ శతాబ్దోత్తరార్ధమునను, ఇరువదవ శతాబ్దమునను నచ్చయిన మన పుస్తకములు పుట తిప్పఁగానే విఱుగుటకుఁ బ్రధానకారణ మిదియే. అంతకుఁ బూర్వపుఁ జేతికాగితపుఁ బ్రతులు కొన్ని మెత్తగా నుండుటయు నందువలననే. తరువాతికాలమున సున్నపురాతిపొడితో నామ్లము లేని కాగితమును జేయు పద్ధతి వ్యాపించెను.

తెలంగాణమున యంత్రకాగితమునకుఁ బ్రధానస్థానము కాగజునగరము. అచ్చటి సిర్పూరు కాగితపుమిల్లు 1938లో స్థాపిత మై, 1942లోఁ గాగితముఁ జేయ నారంభించెను. కొత్తపేట యను నూరికిఁ గాగజునగర మను పేరే స్థిరపడెను. 2014లో మూఁతపడిన యా మిల్లు 2018లో మఱల చేతులు మాఱి తెఱవఁబడినది.

౪. పరీక్షాక్రమము

ఈ సిద్ధాంతములను బ్రత్యక్షముగాఁ జూచుటకై మేము నాల్గు జాతుల సిరాలను నాల్గు కాగితములపైఁ బరీక్షించితిమి. సిరాలు: ఇంటఁ జేసిన మసిసిరా, మాచికాయసిరా, నీలిరంగుసిరా, నవీనకాలమున ఫౌంటెనుపెన్నుకొఱకే యతిసూక్ష్మకర్బనరేణువులతోఁ జేయఁబడుచున్న రేణుసిరా. కాగితములు: బడిపిల్లల నోటుపుస్తకపుఁ గాగితము, యంత్రప్రతులు తీయు తెల్లకాగితము, లెక్కలపుస్తకములకు వాడు గట్టికాగితము, గంజిపట్టించిన చేతికాగితము. కాగితములు మేడ్చలు అంగళ్లలోఁ గొన్నవి. చేతికాగితము మాత్రము నగరమునుండి తెచ్చినది. వర్తకనామముల నిచ్చట వ్రాయము. జాతి తెలియుటయే ప్రయోజనము గాని ముద్ర గాదు.

పదాఱు తునకలపై నొకే వాక్యమును నొకే చేతితో వ్రాసితిమి. మసిసిరాకు మాత్రము రెల్లుకలమును వాడితిమి. ఒక దినము గడచినపిమ్మట నాల్గు విషయములను జూచితిమి. మొదటిది ప్రసరణము, అనఁగా నక్షరపుటంచులు పీచులవెంటఁ బ్రాఁకుట. రెండవది భేదనము, అనఁగా సిరా కాగితపు వెనుకవైపునకు దిగుట. మూఁడవది జలసహత్వము, ప్రతి తునకను సగము నీటఁ గాల్గంట యుంచి తీసి, తడిగా నున్నప్పుడే వ్రేలితో నొక్కసారి రుద్దుట. నాల్గవది యాతపసహత్వము, సగము మూసి, సగము కిటికీయెండకు నెలదినము లుంచుట.

ప్రసరణభేదనములలోఁ గాగితమే ప్రధానముగాఁ గనఁబడినది. నీలిరంగుసిరా నోటుపుస్తకపుఁ గాగితమునఁ గాళ్లు చాచి వెనుకకును దిగెను. ఆ సిరాయే గట్టికాగితమున నంచు చెదరక నిలిచెను. తెల్లకాగితము నడిమి స్థితి. చేతికాగితమున గంజి సమముగా నున్నచోటఁ జక్కగా నుండెను. గంజి పలుచనైనచోట మచ్చ కట్టెను. ఇచ్చటి దోషము సిరాపై మోపుట న్యాయము గాదు.

జలపరీక్షయందు సిరాజాతి ప్రధాన మయ్యెను. నీలిరంగు విడిపోయి నీరు నీలమయ్యెను. మాచికాయసిరాలో వ్రాయునప్పుడు కనఁబడుటకై కలిపిన నీలము కొంత పోయినను నల్లని గీఁత నిలిచెను. రేణుసిరా యించుమించు మాఱలేదు. మసిసిరా నీటఁ గదలక యుండినను, వ్రేలితో రుద్దఁగా మెఱుఁగుకాగితముపై లేచివచ్చి చుట్టును నలుపు పాఱెను. ఎండపరీక్షయందును నీలిరంగే వెలవెలఁబోయెను. కర్బనము గల రెండును మాఱలేదు.

ఇందొక విశేషము గలదు. నీలిరంగువ్రాఁత యందముగాఁ బడిన గట్టికాగితముననే నీటికిఁ ద్వరగాఁ బోయెను. వికారముగాఁ బ్రాఁకిన నోటుపుస్తకపుఁ గాగితమున, రంగు పీచులలోనికి దిగియుండుటచేతఁ గొంత మరక మిగిలి, తెలిసినవారు చదువుకొనుటకు వీలయ్యెను. మసిసిరా విషయమునను నిదియే కనఁబడెను. నునుపైన కాగితమునఁ దుడుపునకు లొంగినది గఱుకుకాగితమున లొంగలేదు. కావున వ్రాయునప్పటి సౌందర్యమునకును వ్రాసినతరువాతి స్థైర్యమునకును నొక్కటే కారణము గాదు; ఒక్కొక్కచో నవి పరస్పరవిరుద్ధములును. కలమును గొనువాఁ డంగడిలో రెండు గీఁతలు గీసి చూచుకొను పరీక్ష సౌందర్యమును మాత్రమే తెలుపును. స్థైర్యమునకు నీటిపాత్రయు నెండయుఁ గావలెను.

౫. మేడ్చలు, శామీరుపేటల భూలేఖ్యములు

ఇఁకఁ బ్రస్తుతప్రాంతమునకు వత్తము. నిజాముపాలనమున మేడ్చలు అత్రాఫె బల్దా జిల్లాలోని తాలూకా. ఆ జిల్లా సర్ఫెఖాస్ అనఁబడు నిజాముగారి సొంతభూములకు సంబంధించినది. 1884 మొదలు హైదరాబాదురాజ్యమునఁ బారసీకమునకు బదులుగా నుర్దూ రాజభాష యయ్యెను. 1949లో సర్ఫెఖాస్ భూములు దివానీలోఁ గలిసినవి; జాగీరులును నా యేఁటనే రద్దయ్యెను. ఆ మార్పుల పిమ్మట నెవ్వఁ డే భూమి ననుభవించుచున్నాఁ డను దానిని బొలముపొలమునకు వ్రాసిన లేఖ్యమే 1954-55 సంవత్సరపు ఖాస్రాపహాణీ. భూవివాదములు పుట్టినప్పుడు తెలంగాణమున నేఁటికిని న్యాయస్థానములయెదుట మొదట వినఁబడు పేళ్లలో నది యొకటి.

గ్రామములలో నిట్టి లేఖ్యములను బట్వారులు చేతితో వ్రాసి యుంచుచుండిరి. 1984లో నా యుద్యోగములు రద్దు చేయఁబడినవి. రిజిస్ట్రారు కార్యాలయములలో సైతము దస్తావేజుల నకళ్లు పెద్దపుస్తకములలోఁ జేతితో నెక్కింపఁబడుచుండెను. 1998లోఁ గంప్యూటరుపద్ధతి ప్రవేశపెట్టఁబడినపిమ్మట నది క్రమముగాఁ దగ్గెను. 2020 అక్టోబరు 29వ తేదీని శామీరుపేటకు సమీపమునందలి మూఁడుచింతలపల్లిలో ధరణి యను భూలేఖ్యజాలము ప్రారంభింపఁబడెను. కాగితము లేని భూలేఖ్యపద్ధతికిఁ దెలంగాణమున నా గ్రామమే ప్రారంభస్థాన మయ్యెను. 2025లో ధరణికి బదులుగా భూభారతి వచ్చినది.

లేఖ్యమునకు శత్రువు లిద్దఱు: కాలము, మనుష్యుఁడు. కాల మనఁగా నీరు, ఎండ, పురుగు, ఆమ్లము. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. ధరణి పుట్టుటకుఁ బదునేను దినములకు ముందు, 2020 అక్టోబరు 13, 14 తేదీలలోఁ గురిసిన వానలకు నగరమునఁ బెక్కు పేటలు మునిఁగినవి. రంగుసిరావ్రాఁత లున్న పెట్టె నీట మునిఁగినచో నేమగునో పై పరీక్షయే చెప్పుచున్నది. మనుష్యుఁ డనఁగాఁ గూటలేఖకుఁడు. ధర్మశాస్త్రకారులు కూటలేఖ్యమును ఘోరాపరాధముగా నెంచుట కేవలము నీతిబోధ గాదు. తుడువ నగు సిరాయు, మెఱుఁగుకాగితమును వాడుకలో నున్న సమాజమున నది నిత్యభయము.

మసిసిరా మొదటి శత్రువును జయించును, రెండవవానికి లొంగును. మాచికాయసిరా రెండవవానిని జయించి, మొదటివానికిఁ గాగితముద్వారా కొంత లొంగును. రంగుసిరా యిద్దఱికిని లొంగును. విద్యుల్లేఖ్యమునకు నీటిభయము తక్కువ. మాఱుమూల పెట్టెలోఁ జెదలు పట్టు ననియు లేదు. కాని దానికి మాతృక చేతివ్రాఁతయే. పాత పంక్తి తప్పుగాఁ జదువఁబడినచో నా తప్పే జాలమున నెక్కి స్థిర మగును. అప్పుడు నిజము తెలియుటకు మఱల పాత కాగితమునే తెఱవవలయును. అందుచేత నూతనపద్ధతి వచ్చిన దని పాత పహాణీలను నిర్లక్ష్యము చేయుట తగదు. మాతృక యున్నంతకాలమే ప్రతిని శోధింపఁ గలము. ఇది గ్రంథపరిష్కర్తల కందఱకుఁ దెలిసిన న్యాయమే.

౬. నిర్ణయము

పైవిచారమువలన నీ క్రింది యంశములు తేలుచున్నవి. బడిలో నిత్యాభ్యాసమునకు రంగుసిరా చాలును. దానికి గట్టికాగిత మున్నచో వ్రాఁత చక్కగా నుండును. సంతకములకును, ఋణపత్రములకును, దుడుపునకు లొంగని మాచికాయసిరా తగును. దానిని మంచి పాకము గలదానిగాఁ దెచ్చి, యామ్లము లేని కాగితముపై వ్రాయవలెను. కలమును నెలకొకసారియైనఁ గడుగవలెను. తాళపత్రములనుండి ప్రతులు వ్రాయువారికిఁ గర్బనసిరా యుత్తమము. రెల్లుకలమైనచో మసిసిరాయు, ఫౌంటెనుపెన్నైనచో రేణుసిరాయుఁ దగును. పూర్వము కలము కొఱకు మసిని విడువవలసివచ్చెను. నేఁ డా కారణము తొలఁగినది.

అన్నిఁటికంటె సులభ మైనది, ఖర్చు లేనిది మఱియొకటి గలదు. మన ప్రాచీనలేఖకులు గ్రంథాంతమునఁ దమ పేరును, సంవత్సరమాసతిథులను వ్రాయుచుండిరి. ఆ గద్యలవలన నెన్ని గ్రంథముల కాలము తేలినదో పండితు లెఱుఁగుదురు. ఇఁకమీఁదఁ బ్రతులు వ్రాయువారును, వ్రాయించువారును నా తుదిపంక్తియందు సిరాజాతిని, గాగితజాతిని జేర్చి, యా సిరాతో నా కాగితపుఁ దునుకపైనే రెండు గీఁతలు గీసి గ్రంథముతోఁ గట్టి యుంచినచో, నూఱేండ్ల పిమ్మట దానిని గాపాడఁ బూనువారికి మొదట దేనిని నీటఁ బరీక్షింపవలెనో తెలియును. మూలగ్రంథమును దడుప నక్కఱ యుండదు. బడిపండితులు విద్యార్థులచేత నీ పదాఱు తునకల పరీక్షను జేయించినచో, వ్రాఁత యనఁగా నేమో వారికిఁ బుస్తకముకంటె నీటిపాత్రయే త్వరగా నేర్పును. విద్వాంసులు దీనిని బరిశీలించి, తమ ప్రాంతముల సిరాల పాకములను, గాగితముల గుణములను దెలియఁజేయుదురు గాక.